సందు లేని తలుపు

నిన్న వానకు మా తలుపు ఉబ్బి బిగుసుకపోయింది. చెక్కపని చేసే వడ్లాయన వచ్చి రందతోని అంచు గీకుతుంటే, ఆ చెక్కపొట్టు వాసనకు నాకు చిన్ననాటి ఇల్లు యాదికొచ్చింది.

మన ఈడోళ్లకు యాదికుందా, వానకాలం తలుపులు భుజంతోని నూకితెగాని తెరుచుకోకపోయేటివి? మాది కరీంనగర్ దిక్కు పల్లె, మట్టిగోడల ఇల్లు. మా నాయిన, బాపు, వడ్లపని చేస్తుండె. ఆయన బిగించిన తలుపు సందుల వెంట్రుక గూడ దూరదని ఊరంత చెప్పుకునేది. ఓ ఎండకాలం మా ఇంటికి గూడ అసొంటిదే చేసిండు.

"వానకు ఉబ్బుతది, జర సందు ఇడువుండ్రి," అన్నది నన్ను గన్న అవ్వ.

"సందు ఇడిస్తే నన్ను వడ్లోడంటరా?" అని బాపు నవ్విండు.

ఆ యేడు ముసురు పట్టిన నాలుగోనాడు వెనుక గోడ కూలవట్టింది. లోపల అవ్వ ఒక్కతే ఉన్నది. ఆమె లోపల్నుంచి గుంజుతున్నది, నేను, బాపు బయటనుంచి నూకుతున్నం. తలుపు రాలే. బాపు గొడ్డలి తెచ్చి తన తలుపును తనే నరికేటాల్లకు ఇంటికప్పు అవ్వ మీద పడ్డది.

తర్వాత బాపు ఏ తలుపు చేసినా వేలు పట్టేంత సందు ఇడిచేటోడు. "గీయన పని మరిచిపోయిండు," అని జనం నవ్వేటోళ్లు.

నిన్న వడ్లాయన "ఇగ సాలా అమ్మా?" అన్నడు. నేను సందుల వేలు పెట్టి చూసిన.

"ఇంకింత తియ్యి బిడ్డా," అన్న.