ఒంటి సీటు పుష్పకం

మొన్న శనివారం ముక్తేశ్వరంలో మా ఇంట భజన ముగిసి, ఆడవాళ్ళందరూ ప్రసాదం అందుకుని వెళ్ళిపోయాక, మా మనవరాలు గదిలోంచి ఒక బొమ్మ విమానం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పార్సిల్లో ముక్కలుగా వచ్చిందట, ఒక్క మధ్యాహ్నంలో తానొక్కతే కూర్చుని అతికించేసిందట. నీలం రంగు ఒళ్ళు, కింద చక్రాలకు బదులు రెండు పొడుగాటి పడవలు, నడుమ ఒకే ఒక్క సీటు. పూర్వం సముద్రం మీద పందేలలో ఎగిరిన విమానానికి నమూనా అని ఆ పిల్ల వివరించబోతే, నాకు తెలుసమ్మా అన్నాను. నమ్మలేదు. రామాయణమూ భాగవతమూ తప్ప మరొకటి ముట్టని ముసలిదానికి పందెం విమానాల సంగతి తెలుస్తుందని ఎవరనుకుంటారు?

నా పుట్టిల్లు అంతర్వేది. మా తాతయ్యకు చేపల వేట పడవలుండేవి. పడవ ఒడ్డెక్కితే ఆయన భజన సమాజానికి పెద్ద. బడికంటే ముందు నేను చదువుకున్నది ఆయన మోకాలి పక్కన కూర్చుని విన్న రామాయణమే. విమానం అన్న మాటకు అర్థమూ అక్కడే తెలిసింది. ఒకటి పుష్పకం, ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిలే ఉంటుంది. రెండోది గుడిలో స్వామివారి గర్భాలయం మీద ఉండే శిఖరం, దాన్నీ విమానమే అంటారు గాని అది కదలదు, స్వామి ఎక్కడికీ పోడు గనక. ఆ రెండు విమానాలతోనే నా లోకం సరిపోయేది.

మూడోదాన్ని మా బాబాయి తెచ్చాడు. పెళ్ళయిన నెలకే గల్ఫ్‌కి వెళ్ళినవాడు మొదటి సెలవు మీద వచ్చి, పిన్నికి చీరలూ సెంటు సీసాలూ, నాకు ఒక అట్టపెట్టె తెచ్చాడు. మూత మీద సముద్రాన్ని రాసుకుంటూ ఎగురుతున్న నీలి విమానం బొమ్మ. అక్కడి కొట్లో దాని కాళ్ళకింద పడవలు చూడగానే, ఇది మనవాళ్ళదే అనిపించి కొనేశాడట. లోపల మాత్రం విమానం లేదు, దువ్వెన పళ్ళలా ఒకదానికొకటి అంటుకున్న ప్లాస్టిక్ ముక్కలూ, ఒక గమ్ము గొట్టమూ, నీళ్ళలో నానబెడితే కాగితం వదిలి జారే అంకెల బొమ్మలూ ఉన్నాయి. నా మొహం చిన్నబోవడం చూసి బాబాయి, ఇది మనమే కట్టాలే అని నవ్వి, ఏదో మాటవరసకి, "ఇది పూర్తయ్యేసరికి నా సెలవు కూడా అయిపోద్ది" అన్నాడు.

ఆ మాట ఇంట్లో ఎవరి చెవిన ఎలా పడిందో గాని, ఆ మర్నాటినుంచి ఆ విమానం ముందుకు సాగితే ఒట్టు. బాబాయి గోళ్ళు కత్తిరించే కట్టరుతో ముక్కలు కోసి, ఆకురాయితో అంచులు నున్నగా రాసి, గమ్ము మూత తియ్యగానే మామ్మకి కొబ్బరికాయలు దింపించాల్సిన పని గుర్తొచ్చేది. తాతయ్యకి వలలు చూడాల్సొచ్చేది. పిన్ని అయితే పైకేమీ అనకుండా, అతికిన ముక్క బాగా ఆరలేదండి, రేపు చూద్దురు అనేది. నేను రోజూ గుడికి వెళ్ళి, లక్ష్మీనరసింహస్వామికి దణ్ణం పెట్టి, ఈ విమానం ఎన్నటికీ పూర్తి కాకూడదని మొక్కుకునేదాన్ని. ప్రహ్లాదుడి మొర విన్న స్వామి నాది వినడా అని నా ధీమా.

అయినా అది పూర్తవుతూనే వచ్చింది. పడవలు రెండూ కింద నిలబెట్టినరోజున మామ్మ గుమ్మంలోంచి చూసి, "అచ్చం నీలాగే రెండు పడవల మీద కాళ్ళేసిందిరా ఇది!" అంది. బాబాయి గమ్ము ఆరిందో లేదోనని పడవను వేలితో నొక్కి చూశాడు. సీటు అతికించినరోజున పిన్ని వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది.

"ఇందులో ఒక్కరేనాండి కూచునేది?"

"ఆయ్. పందెం విమానం కదా, బరువుండకూడదు."

"నేనంత బరువాండీ?"

అందరమూ నవ్వాం. పిన్ని కూడా నవ్వింది, కాని పొయ్యిమీద ఏదో మాడుతోందని వెంటనే లోపలికి వెళ్ళిపోయింది. ఆ పొయ్యి మీద అప్పుడేమీ లేదని నాకు తెలుసు.

బాబాయి ప్రయాణానికి ముందురోజు తాతయ్య పారాయణలో శ్రీరామ పట్టాభిషేకం వచ్చింది. సమాజంవాళ్ళంతా మా చావడిలో కూర్చున్నారు. రాముడు పుష్పకం దిగే ఘట్టం కదా అని, తాతయ్యే ఆ బొమ్మను తెప్పించి పటం ముందు పెట్టించారు. కొత్త పడవకు పెట్టినట్టే మామ్మ దాని ముక్కుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. వెనక వరసలోంచి ఎవరో, "పుష్పకం మాబాగుందండోయ్, ఇందులో మా అందరికీ చోటుందాండి?" అన్నారు. తాళాలు మోగుతుండగా మామ్మ కర్పూరం వెలిగించి, కళ్ళు మూసుకుని, పటానికి హారతి ఇచ్చి, విమానానికీ ఇచ్చింది. దేవుడి ముందున్నదానికి ఇవ్వకుండా ఎలా ఉంటుంది? పళ్ళెం రెక్క కింద కాస్త ఎక్కువసేపే ఆగింది. కమురు వాసన వచ్చి కళ్ళు తెరిచేసరికి రెక్క కొస మెత్తబడి, అరిటాకులా వాలిపోయింది.

తాళాలు ఆగిపోయాయి. మామ్మ నోటిమీద చెయ్యేసుకుంది. నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. స్వామి విన్నాడు, విమానం పూర్తి కాలేదు, బాబాయి ఇక వెళ్ళడు! బాబాయే ముందుగా నవ్వి, "పర్లేదమ్మా, వచ్చినప్పుడు బాగుచేత్తాలే" అన్నాడు. వచ్చినప్పుడు అంటే వెళ్ళడం ఖాయమని నాకు ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది. మర్నాడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి, నరసాపురంలో రైలందుకోవడానికి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళు శాస్త్రం విన్నాను, చెప్పాను. మొక్కు ఫలించకపోవడమూ స్వామి ఇచ్చే జవాబేనని పదిమందికి బోధించాను. ఆ రేవు గుర్తొచ్చినప్పుడు మాత్రం ఆ బోధ నాకే కాస్త దూరంగా వినబడుతుంది.

తరవాతి సెలవులో బాబాయి మాట తప్పకుండా, వేణ్ణీళ్ళలో ముంచి రెక్క సాపు చెయ్యబోయాడు. పిన్ని ఆయన చేతిలోంచి విమానాన్ని తీసేసుకుంది.

"వద్దండి. సాపు చేత్తే మళ్ళీ ఎగిరిపోద్ది. గుడి మీదిదీ విమానమేగా, అలా ఉండనివ్వండి."

బాబాయి ఆయ్ అని, నీళ్ళు పెరట్లో పారబోశాడు. ఆ ఏడూ వెళ్ళాడు, ఆపైనా వెళ్ళాడు. చివరికి తల నెరిసి తిరిగొచ్చి ఉండిపోయేనాటికి తాతయ్య లేరు, మామ్మ లేదు, పడవలు చేతులు మారాయి, నేను పెళ్ళయి ముక్తేశ్వరం వచ్చేశాను. ఆ వంకర రెక్క విమానం మాత్రం పిన్ని పూజ అరలో, పసుపు మచ్చతో, కదలకుండా ఉండేది.

మొన్న మా మనవరాలి విమానాన్ని నేనూ రాముడి పటం ముందు పెట్టి హారతి వెలిగించాను. "మామ్మా, దూరంగా పట్టుకో, కరిగిపోతుంది" అంది పిల్ల. దూరంగానే తిప్పాను. రెక్కలు రెండూ తిన్నగా ఉన్నాయి, అంకెలు చక్కగా కుదిరాయి. ఒక్క పూటలో పూర్తయిపోయింది. ఇది పూర్తి కాకూడదని మొక్కుకున్నవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు.