భుజాలు పట్టి లాగే సారు

బోటింగ్‌కు లైఫ్ జాకెట్లన్నీ ఒకటే సైజువి, బెంగళూరులో బేరమాడి సగం ధరకు తెచ్చాను. హిందూపురం బజారులో పెరిగినవాడికి తప్ప ఇంకెవడికీ కుదరని బేరం అది.

ధర్మవరం చెరువు నిండిన ఏడాది, నాలాగా సరదా పడవలు నడిపేవాళ్లు భద్రతా తరగతులకు రావాల్సిందేనన్నారు అధికారులు. పాఠం చెప్పే సారుకు ఒకచోట కాలు నిలిచేది కాదు. మాట్లాడుతూనే ఎవరో ఒకరి జాకెట్ భుజాలు పట్టి పైకి లాగేవాడు.

“మూడు దినాల పాఠం ఒక పూటలో ముగించు సార్” అన్నాను.

“ఏమప్పా, మునిగేటప్పుడు గూడా రేటు తగ్గించమంటావా?”

పడవలు మొదలైన ఆదివారం గట్టు నిండా జనం. ఆయన చెప్పకుండా వచ్చి, పడవలో కూర్చున్న ఒక పాప జాకెట్‌ను లాగాడు. కట్లు కట్టినట్టే ఉండగా, అది తల మీదుగా ఆయన చేతికొచ్చేసింది.

“బాగా బిగించినాను సార్!”

“ఎవురికి బిగించినావబ్బా? పాప ఈడే ఉండాది గదా!”

పిల్లలందరినీ దింపేశాడు. వాళ్ల వెంట పెద్దలూ దిగిపోయారు.

మర్నాడు మళ్లీ బెంగళూరు పోయి, చిన్న జాకెట్లు చెప్పిన ధరకే కొన్నాను. మొదట మిగిలిన దుడ్లు, ఆదివారం రాబడి, బస్సు చార్జీ అన్నీ పోయాయి. ఆ ఆదివారం పాప మాత్రం వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచిపోయింది. అది కూడా కలిపి చూస్తే, నాకు చాలా చౌకగానే పడింది.