పెట్టుడు బట్టల్లో లాంకాస్టర్ దాకా

మన ఇళ్ళల్లో పెట్టుడు బట్టల గతి అందరికీ తెలిసిందే. ఎవరో పెట్టిన చీర మడత విప్పకుండానే బీరువాలోకి వెళ్తుంది, అక్కణ్ణుంచి మరొకరి చేతుల్లోకి వెళ్తుంది. అలా నాలుగిళ్ళు తిరిగి మళ్ళీ కొన్నవాళ్ళ ఇంటికే చేరిన చీర మా బంధువుల్లో ఒకటుంది. కానీ మా వియ్యంకుడు డగ్లస్ నాకు పెట్టిన బట్టల్ని అలా చెయ్యి మార్చడానికి వీల్లేకపోయింది. అది కిల్ట్. స్కాట్లండ్ మగవాళ్ళు నడుముకి చుట్టుకునే, మోకాళ్ళ దాకా వచ్చే గళ్ళ ఉన్ని బట్ట. పైగా నా నడుం కొలత రహస్యంగా కనుక్కుని మరీ కుట్టించాడు.

మా అమ్మాయి మైథిలి పెళ్ళి ఈ ఏడు న్యూజెర్సీలో మేముండే ఎడిసన్‌లోనే చేశాం. మేం పెట్టిన పట్టుపంచెని డగ్లస్ పొద్దున్న ముహూర్తం నుంచి సాయంత్రం అందరూ ఇళ్ళకి వెళ్ళేదాకా విప్పలేదు. మా తమ్ముళ్ళే తలంబ్రాలు కాగానే ప్యాంట్లలోకి దూరిపోయారు. అందుకని అక్టోబర్‌లో వాళ్ళ కుటుంబమంతా కలిసే పగటి విందుకి పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ రమ్మన్నప్పుడు, కిల్ట్‌లోనే వెళ్ళాలని పంతం పట్టాను. వియ్యంకుడి దగ్గర మర్యాదలో తగ్గడం నాకు చేతకాదు.

ఒప్పుకోనిది మైథిలి. విందు ఉన్న వారం మొదట్లో వీడియో కాల్‌లో దానికి నా అలంకారం చూపించాను. మనకి ఫంక్షన్ అంటే ఇంట్లో ఉన్నదంతా ఒంటిమీదికి రావాలి కదా. వెండి బొత్తాల నల్ల కోటు, మెడ దగ్గర కుచ్చులున్న చొక్కా, నడుం ముందు వేలాడే బొచ్చు సంచి, అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించాను. మా ఆవిడ పద్మ దగ్గరుండి కుచ్చిళ్ళు ముందుకి వచ్చేలా సర్ది, "ఇప్పుడు కుదిరింది" అంది.

"నాన్నా, ఆ ప్లీట్స్ వెనక్కి ఉండాలి!" అని అరిచింది మైథిలి. "ఆ కోటు నైట్ పార్టీస్‌కి వేస్తారు. ఇది లంచ్. ఫ్యాన్సీ డ్రెస్ లాగా ఉంది. వాళ్ళు నవ్వితే నేను చూడలేను. ప్లీజ్, ప్యాంట్ వేసుకో."

సరదాకి అన్న మాట కాదది. కొత్త కోడలు. అత్తవారి చుట్టాలందరి ముందూ తండ్రి పగటివేషగాడిలా నిలబడితే ఆ పిల్ల తల ఎక్కడ పెట్టుకుంటుంది? నాకు కోపం వచ్చింది, దాని వెనకే భయమూ వేసింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ప్యాంటు బ్యాగులో పెట్టుకుంటాను. దారిలో జనం నన్ను వింతగా చూస్తే రైల్లోనే మార్చేసుకుంటాను.

అల్లుడు కాలిన్ మాత్రం ఫోన్‌లో ఒక్క సలహా ఇచ్చాడు. "రోజూ వేసుకునేవే వేసుకోండి మామయ్యా. ప్యాంట్ బదులు కిల్ట్, అంతే."

నల్ల కోటూ బొచ్చు సంచీ తిప్పి పంపేశాను. ఆఫీస్‌కి వేసుకెళ్ళే గోధుమరంగు స్వెటర్, దాని కిందికి లేత నీలం చొక్కా, చలికాలంలో తొడుక్కునే పాత బ్రౌన్ బూట్లు బయటికి తీశాను. కిల్ట్‌కి జేబులుండవు. అందుకే స్పోరన్ అనే ముందు సంచి తప్పదు. ఏ నగిషీ లేని తోలుది కొన్నాను, ఫోనూ పర్సూ అందులోకే. మందపాటి ఉన్ని మేజోళ్ళు మోకాలి కింద మడిచాను. చదివేవాళ్ళలో ఎవరికైనా ఈ అవసరం పడితే గుర్తుంచుకోండి, కిల్ట్‌ని ప్యాంటులా తుంటి మీద కాదు, బొడ్డు దగ్గర కట్టాలి. అప్పుడే అంచు మోకాటి చిప్ప మధ్యకి వస్తుంది. అద్దంలో చూసుకుంటే స్కాట్లండ్ దొర ఎవరూ కనిపించలేదు, నేనే కనిపించాను. అది నాకు బాగా నచ్చింది.

శుక్రవారం సాయంత్రమే పద్మా, అమ్మాయీ అల్లుడూ కార్‌లో వెళ్ళిపోయారు. నాకు ఆ రాత్రి ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండటంతో శనివారం పొద్దున్న రైలే దిక్కయింది. ఎడిసన్‌లో ట్రెంటన్ లోకల్, ట్రెంటన్‌లో ఫిలడెల్ఫియా లోకల్, ఫిలడెల్ఫియా పెద్ద స్టేషన్‌లో లాంకాస్టర్ వెళ్ళే దూరపు రైలు. మొదటి రెంటికీ టికెట్ అప్పటికప్పుడు ఫోన్‌లో కొనొచ్చు. మూడోది ముందే బుక్ చేసుకుంటే చవక.

ఏడున్నరకి రైలెక్కాను. ఎదురు సీట్లో తెలుగు దంపతులు, డెబ్భై దాటినవాళ్ళు. బాపట్ల నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్నారట, ప్రిన్స్‌టన్‌లో కూతురింటికి బయల్దేరారు. పెద్దాయన నన్ను తల నుంచి బూట్ల దాకా చూడగానే నా చెయ్యి దానంతటదే కిల్ట్ అంచుని కిందికి లాగింది. మనలో లుంగీ ఎగ్గట్టి తిరిగిన ఎవడికైనా ఉండే అలవాటే అది. పెద్దవాళ్ళు ఎదురైతే లుంగీ దిగిపోవాలి. కిల్ట్ ఎక్కడికి దిగుతుంది? లాగడం, వదలడం, మళ్ళీ లాగడం.

"తెలుగువారేనాండీ? ఇదేం కట్టండీ?" అని ఆయనే అడిగారు.

"మా వియ్యంకుడు పెట్టిన బట్టలండీ. వాళ్ళ మగవాళ్ళ కట్టు."

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు. "మావాడు నిక్కరేసుకుని గుడికొస్తాడు. దానికన్నా ఇది నయమే లెండి."

ఆవిడ మాత్రం నా చేతినే చూస్తోంది. "ముందు ఆ చెయ్యి తియ్యండి బాబూ. కొత్తగా చీరలు కట్టినప్పుడు మేమూ ఇంతే, ఊరికే సర్దుకునేవాళ్ళం. సర్దుకునేకొద్దీ జనం అక్కడే చూస్తారు. కట్టుకున్నాక ఇంక దాని సంగతి మర్చిపోవాలి."

ఇంతకన్న మంచి పాఠం నాకు ఏ ఇంటర్నెట్ వీడియోలోనూ దొరకలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాను. ప్రిన్స్‌టన్ స్టేషన్‌లో దిగుతూ ఆవిడ వెనక్కి తిరిగి, "బావుంది బాబూ, నిండుగా ఉంది" అంది. ఆ మాటకి నా నడుం దానంతటదే నిటారైంది.

ట్రెంటన్‌లో కాఫీ తాగి రైలు మారాను. ఈసారి తొందరపడకుండా, ఆడవాళ్ళు చీర సర్దుకున్నట్టు వెనక కుచ్చిళ్ళని అరచేత్తో చదును చేసుకుని కూర్చున్నాను. అటువైపు కుర్రాడొకడు ఒకసారి చూసి మళ్ళీ ఫోన్‌లోకి వెళ్ళిపోయాడు. ఫిలడెల్ఫియాలో గంట ఖాళీ దొరికింది. బెంచీ మీద పద్మ చేసిపెట్టిన పులిహోర తింటుంటే, పెట్టె లాక్కుంటూ వచ్చిన ఒక నల్లజాతి పెద్దావిడ నా దగ్గర ఆగింది. ఇక అయిపోయింది, కిల్ట్ గురించి అడుగుతుంది అనుకున్నాను.

"లాంకాస్టర్ రైలు ఎన్నో గేటులో వస్తుందో తెలుసా?" అంది.

చెప్పాను. థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. అంత జనంలో దారి తెలిసిన మనిషిలా కనిపించింది నేను! స్టేషన్ మధ్యలో ఈల వెయ్యాలనిపించింది, కానీ నోట్లో పులిహోర ఉంది. తర్వాత రైల్లో పొలాలూ గాదెలూ చూస్తూ కూర్చున్నానే గానీ, బ్యాగులో ప్యాంటు ఉన్న సంగతి నాకు గుర్తే రాలేదు.

మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా లాంకాస్టర్‌లో దిగాను. ప్లాట్‌ఫారం మీద పెద్ద గాలి కొట్టింది. ఎనిమిది గజాల ఉన్ని బట్ట కాస్త ఊగి ఊరుకుంది. స్టేషన్ బయట డగ్లస్ కారు దగ్గర నిలబడి ఉన్నాడు, కిల్ట్ మీద పాత ఆకుపచ్చ స్వెటర్‌లో. పెళ్ళిలో నేర్చుకున్న పిలుపుతో "బావగారూ!" అని కేకేసి కౌగిలించుకున్నాడు.

అసలు పరీక్ష వాళ్ళింట్లో ఉంది. డగ్లస్ తల్లి, తొంభైకి దగ్గరపడిన మనిషి, వాకిట్లో కుర్చీ వేసుకుని వచ్చిన ప్రతి మగవాణ్ణీ తనిఖీ చేస్తోంది. ఒక మనవడి కిల్ట్ మరీ కిందికుందని లోపలికి పంపింది. కాలిన్ నడుం బెల్టు వంకరగా ఉందంది. సొంత కొడుకుని కూడా వదల్లేదు, పగటిపూట ఆ మెరుపు బూట్లేమిటంది. నా వంతు వచ్చింది. మైథిలి కొంచెం దూరంలో పద్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది, ముఖంలో నెత్తురు లేదు.

పెద్దావిడ నా బూట్ల దగ్గర మొదలుపెట్టి మేజోళ్ళు, అంచు, స్పోరన్, స్వెటర్ దాకా వచ్చి ఆగింది.

"ఎండలో నిలబడ్డావేం? వెళ్ళి తిను" అంది. "ముందు ఆ రెండు కుర్చీలు ఇటు తెచ్చిపెట్టు."

అంతే. డగ్లస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆవిడ ఏమీ అనకుండా వదిలేసిన మగవాణ్ణి ఇంతవరకూ చూడలేదట. నేను కుర్చీలు మోస్తుంటే మైథిలి వచ్చి, నా భుజం మీద లేని దుమ్ము దులిపి వెళ్ళింది.

ఆదివారం మధ్యాహ్నం కాలిన్ డ్రైవ్ చేస్తుంటే అందరం తిరుగు ప్రయాణమయ్యాం. నేను కిల్ట్‌లోనే ఉన్నాను. లాంకాస్టర్ చూడాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది తక్కువ, రైలు కిటికీలోంచి చూసిందే. కానీ ఒకటి మాత్రం చెప్పగలను. అన్ని స్టేషన్లు దాటినా మనకి చివరి స్టేషన్ మనవాళ్ళే. సాయంత్రం ఎడిసన్‌లో మన హోటళ్ళుండే ఓక్ ట్రీ రోడ్డులో టిఫిన్‌కి ఆగాం. హోటల్ నిండా తెలుగువాళ్ళు. మూలనున్న బల్ల దగ్గర నుంచి నా స్నేహితుడు ప్రసాద్ గొంతు వినిపించింది.

"ఏరా విశ్వం, లంగా కట్టావేంట్రా!"

చుట్టుపక్కల బల్లలన్నీ నవ్వాయి. నేను నోరు తెరిచేలోపే మైథిలి అందుకుంది.

"లంగా కాదు అంకుల్. మా మామగారు నాన్నకి బట్టలు పెట్టారు. నాన్న కబోర్డ్‌లో పెట్టలేదు, కట్టుకున్నాడు. ఎంత బావున్నాడో చూడండి."

అమెరికా యాసలో, హాలంతా వినేలా అంది. వాళ్ళు నవ్వితే చూడలేనన్న పిల్ల, ఇప్పుడు నవ్వుతున్నవాళ్ళ ఎదుట నా చెయ్యి పట్టుకుని నిలబడింది. ప్రసాద్ నవ్వు ఆపి పక్కనున్న కుర్చీలు లాగాడు. నేనూ మైథిలీ పక్కపక్కనే కూర్చున్నాం.