ఇసుకలో చెల్లెలి అడుగులు

మా చెల్లెలు గ్లెనిస్‌కి చిన్నప్పట్నుంచీ నోరూ ఆగదు, కాలూ ఆగదు. ఆస్ట్రేలియా ఉత్తరాన గ్రూట్ ద్వీపంలో మా రేవు పొడవునా దాని అడుగులే ఉండేవి. మేం అడుగు చూసి మనిషిని చెప్పేస్తాం. ఎవరి వేలు వంకరో, ఎవరు బరువు మోసుకొచ్చారో, ఎవరు అలిగి పోతున్నారో అన్నీ ఇసుకలోనే తెలిసిపోతాయి.

దానికి ముప్పై ఆరో ఏడు వచ్చేసరికి అడుగులు ఎడంగా పడసాగాయి. ఎడమ పాదం ఈడ్చిన గీత కూడా మొదలైంది. చూసి కూడా నోరు మెదపలేకపోయాను. మా అమ్మకీ ఇలాగే మొదలైంది, కాకపోతే నలభై ఎనిమిదో ఏట. డాక్టర్లు దాన్ని మచాడో జోసెఫ్ జబ్బు అంటారు. రక్తంలో దిగుతుంది, నయంచేసే మందు లేదు, తరం మారేకొద్దీ ఇంకాస్త ముందే వస్తుంది. నన్ను వదిలేసి చెల్లెల్ని పట్టుకుంది. దాని మొహం చూడాలంటే నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

కొట్లో కొత్తగా చేరినాయన తాగొచ్చిందనుకుని గ్లెనిస్‌ని గుమ్మంలోనే ఆపేశాడు.

"తాగితే నీకంటే తిన్నగా నడుస్తాను, జరుగు," అంది మొహం మీదే. ఇంటికొచ్చాక మాత్రం ఏడ్చింది.

డార్విన్ పట్నం నుంచి విమానంలో వచ్చే డాక్టరమ్మ క్లినిక్‌లో నేలమీద గీత చూపించి నడవమంది. మూడో అడుక్కే గ్లెనిస్ నా భుజమ్మీద పడింది.

"మీ అమ్మగారి పేరు?"

పోయినవాళ్ల పేరు మేం పైకి అనం. ఇద్దరం నేలకేసి చూస్తూ కూర్చున్నాం. అక్కడ పనిచేసే మా ఊరావిడే కాగితం లాక్కుని రాసిచ్చింది.

"పిల్లలెంతమంది?"

"ఒక్కతే. టనీషా. పంతొమ్మిదేళ్లు."

"తను కావాలనుకుంటే రక్తపరీక్ష చేయించుకోవచ్చు."

"నా కూతురికేం, బాగానే ఉంది," అని గ్లెనిస్ లేచిపోయింది. బయటికొచ్చాక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అక్కా, పిల్ల దగ్గర ఈ మాట ఎత్తావంటే ఊరుకోను."

ఆ రోజు నుంచి టనీషా కాళ్లకేసి చూడాలంటేనే మా ఇద్దరికీ భయం. పిల్ల ఈమధ్య రేవుకి ఒంటరిగా పోతుంటే, ఎవడో దొరికాడులే అని నవ్వుకున్నాం.

మొన్న పొద్దున నీళ్లు వెనక్కి తగ్గాక, టేకు చేప కోసం ఈటె పట్టుకుని రేవుకెళ్లాను. తడి ఇసుకలో నాలుగైదు అడుగులు కనబడ్డాయి. ఎడం ఎడంగా, ఎడమ కాలు ఈడుస్తూ. నాకు ఒళ్లు మండింది. చేపా వద్దు, ఏమీ వద్దని వెనక్కొచ్చేశాను. గ్లెనిస్ వరండాలో కూర్చుని రెండు చేతులతో టీ కప్పు పట్టుకుని ఉంది.

"కర్ర లేకుండా రేవుకెళ్లావా? నీళ్లలో పడితే ఎవరు తీస్తారే?"

"నేనా? నిన్నట్నుంచీ ఈ వరండా దిగలేదు."

"అబద్ధాలాడకు. నీ అడుగులు నేను చూడలేదూ?"

"వేళ్లు చూశావా?"

చూడలేదు. రెండేళ్లుగా ఆ నడక కనిపిస్తే చాలు, గ్లెనిస్ అనేసుకుంటున్నాను. వేళ్లు చూడటమే మానేశాను. కప్పులో టీ దాని ఒళ్లోకి ఒలికింది. కాలినా కదల్లేదు.

దాన్ని వీపున మోసుకుని రేవుకెళ్లాను. దారిలో నా మెడ దగ్గర మెల్లగా అంది.

"తిట్టుకోకు అక్కా. అవి నీ అడుగులైతే బాగుండుననిపిస్తోంది."

"నాకూ అదే అనిపిస్తోంది."

దించగానే గ్లెనిస్ మోకాళ్లమీద పాక్కుంటూ వెళ్లి వంగి చూసింది. రెండో వేలు బొటనవేలికంటే పొడుగు. మా ఊళ్లో అలాంటి పాదం ఒక్క టనీషాదే. గ్లెనిస్ రెండు చేతులతో ఇసుక లాగి ఆ అడుగుల్ని చెరపసాగింది.

"పిల్ల చూడకూడదు," అంది చివరికి. "ఎవరూ చూడకూడదు."

నేనూ కూర్చుని చెరిపాను.

వెనక ఏదో ఈడుస్తున్న చప్పుడు వినబడి తిరిగి చూశాం. టనీషా వస్తోంది. చేతిలో ఆకుల కొమ్మ, అది ఈడ్చినంత మేరా ఇసుక నున్నగా ఉంది. మా చేతులకేసి, చెరిగిన చోటుకేసి చూసి ఆగిపోయింది.

"ఐదు నెలలుగా నీకు కనబడకుండా తుడుస్తున్నానమ్మా," అంది. "ఇవాళ ఇక్కడ మర్చిపోయాను."