నాగులమ్మ పంచిన ముప్పై డబ్బీలు

మా ఊరి ఆశా వర్కర్ నాగులమ్మ నవ్విందంటే నాలుగిళ్ల అవతలికి వినబడుతుంది. మక్తల్ దగ్గర మా పత్తిచేలల్లో పురుగుమందు కలిపే ఆడవాళ్లకు తల తిరుగుతోందని, వాంతులవుతున్నాయని ఆమె దవాఖానలో చాలాసార్లు చెప్పింది. మా ఆయన పోయినప్పుడూ చెప్పింది. రుజువేదని అడిగారు.

పోయిన వానాకాలం హైదరాబాదు నుంచి పరిశోధన కోసం స్నేహలత మేడం వచ్చి, ఒంట్లోకి ఎంత మందు పోతోందో మూత్రంలో చూస్తామనేసరికి నాగులమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. తనతో కలిపి ముప్పైమందికి ముప్పై డబ్బీలు పంచింది. పనికొచ్చేవి ఇరవై ఐదన్నా లేకపోతే మా ఊరిని లెక్కలోంచి తీసేస్తారని మేడం ముందే చెప్పి పోయింది.

వారానికి ఫోను వచ్చింది. పద్దెనిమిది డబ్బీలు పక్కన పెట్టేశారట. నీళ్లలా పలచగా ఉంటే అందులో మందు ఎంతుందో తేల్చలేరట. రేపు పొద్దున ఇంకొక్కసారి వస్తాను, అదే ఆఖరు అంది మేడం.

నాగులమ్మ ఇల్లిల్లూ ఆరా తీసింది. వెంట నేనూ పోయాను. సత్తమ్మ ఏమాత్రం జంకలేదు.

"ఒకలిచ్చిన గిన్నె ఎల్తిగ ఎట్ల పంపుతమే? సగమే అయింది. కుండల నీళ్లు వోసి నింపిన."

అందరూ అదే చేశారు. ఇరుగుపొరుగువాళ్ల గిన్నెను నింపకుండా తిప్పి పంపడం మా ఊళ్లో లేదు మరి.

నాగులమ్మ కసరబోయింది. సత్తమ్మ ఆమె మొహంలోకి చూసింది.

"నువ్వెంత వోసినవ్, నాగులు?"

నాగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గడప మీద కూలబడి నవ్వింది. నేనూ నవ్వాను, కడుపు నొప్పి పుట్టేదాకా.

ఆ సాయంత్రం ఆమె ప్రతి గడపకూ పోయి, లేవగానే పట్టాలనీ, చుక్క నీళ్లు కలపొద్దనీ ఒట్టు వేయించుకుంది. తెల్లారేసరికి చాయ్ కూడా తాగకుండా ముప్పైమందీ కొంగుల చాటున డబ్బీలతో వరసకట్టారు. ఎవరిది చిక్కగా ఉందని ఒకరిదొకరు తొంగిచూసుకున్నారు. సత్తమ్మ డబ్బీలో అడుగున రెండు వేళ్లంతే ఉంది.

"తక్కువైంది గనీ మేడం, రంగు జూడు. డికాషన్ లెక్క లేదూ?"

మేడం పెదవి కొరుక్కుని, చాలమ్మా, ఇదే కావాలి అంది.

అయిదో రోజు ఫోను. ఇరవై ఏడు నిలిచాయి. మా ఊరు లెక్కలో ఉంది. తీసేసిన మూడూ ఎవరివో మేడం చెప్పలేదు, పేర్లు చెప్పకూడదట. అవి బోరింగు గల్లీవాళ్లవేనని సత్తమ్మ ఇప్పటికీ అంటుంది. బోరింగు గల్లీవాళ్లు ఆమెతో మాట్లాడటం లేదు.