వాలు మీద నిమ్మకాయ

మా పక్కింటి ఫిజిక్స్ మేస్టారు శుక్రవారం పొద్దున్న పోయారు. పాలు పోసే ఆమె మెట్ల దగ్గరే ఆగిపోయి, "మేస్టారు ఇంక లేరంటమ్మా" అంది. విశాఖ ఆసుపత్రి నుంచి అటే సొంతూరు రోలుగుంట తీసుకెళ్లిపోయారు. ఈ చక్రాల కుర్చీతో నేను వెళ్లలేకపోయాను. కడసారి చూపు దక్కలేదు.

రిటైరయ్యాక చోడవరంలో ఆయన ఒక్కరే ఉండేవారు. నేనూ ఒంటరిదాన్నే. నడుం పడిపోయాక గడప దాటడం మానేశాను. ఆయనకది నచ్చలేదు. తన దగ్గర చదువుకున్న తాపీమేస్త్రీని పిలిచి, మా మెట్ల పక్కన వాలు కట్టమన్నారు. అతను అలవాటు కొద్దీ మోటారు సైకిలు ఎక్కించడానికి కట్టినట్టు పొట్టిగా, నిటారుగా కట్టేశాడు. మా వీధిలో అన్ని ఇళ్లకీ అలాంటివే. మేస్టారు వచ్చి పైనుంచి ఒక నిమ్మకాయ వదిలారు. అది వీధి దాటి ఎదురింటి కాలువలో పడింది.

బండి సులువుగానే ఎక్కుతుంది కదా అని మేస్త్రీ గొణిగాడు.

"బండికి బ్రేకుంటాదిరా. ఈవిడికి నేనే గదా బ్రేకు. పగలగొట్టీ," అన్నారు మేస్టారు.

ఎత్తు తగ్గించలేనప్పుడు దారి పొడుగు చేసుకోవాలనేవారు. అలా మా వాలు గోడ వెంటే సాగి ఆయన గేటు దగ్గర నేలకు దిగింది.

దిగేటప్పుడు ఆయన నా ముందుకొచ్చి, కుర్చీ పట్టుకుని, వెనక్కి అడుగులేసుకుంటూ దిగేవారు. నేను ధీమాగా చక్రాలు వదిలేస్తే కసిరేవారు. "మొదట్లో నెమ్మదిగానే ఉంటాదమ్మా, దాన్ని నమ్మకండి. వాలున్నంతసేపూ వేగం పెరుగుతానే ఉంటాది."

ఆదివారాలు నన్ను చర్చిలో దింపి, తాను వినాయకుడి గుడికి వెళ్లి, టీ తాగి వచ్చేవారు. పాస్టరుగారి ప్రసంగం మన వాలు కంటే పొడుగని ఏడిపించేవారు.

నేను లేచానని తెలియడానికి రోజూ పొద్దున్న ఒక నిమ్మకాయ వదిలేదాన్ని. అది ఆయన గేటుకి తగిలేది. లుంగీకి తుడుచుకుంటూ తెచ్చిచ్చి, ఇవాళ ఎదురుగాలి, కాస్త ఆలస్యంగా వచ్చిందనేవారు. ఆకు కదలని రోజున కూడా అదే మాట.

కుర్చీ తోయడానికి ఎవరినైనా పంపుతామని చర్చివాళ్లు అన్నారు. పంపుతారు, మంచివాళ్లు. కానీ పొద్దున్నే నన్ను వెతుక్కుంటూ వచ్చే మనిషి ఇక లేడు. దిగులుగా ఉంది.

నిన్న చెయ్యి ఊరుకోలేదు. నిమ్మకాయ వదిలాను. మెల్లగా మొదలై, పోనుపోను జోరందుకుని, తాళం వేసిన గేటుకి తగిలి ఆగింది. ఇవాళ ఇంకొకటి వదిలాను. ఇప్పుడక్కడ రెండున్నాయి.