బ్లీచింగ్ వాసన

ఎనభైలలో ఒక ఎండాకాలం, ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో నా ఈడు ఆడమనిషి ఒకామె నా పక్కన కూర్చుంది. అడవి అంచున మా ఊరి వాగు నీళ్లు తాగి, వాంతులూ విరేచనాలతో చావుదాకా వెళ్లొచ్చిన నా బిడ్డ నా ఒళ్లో పడుకుని ఉంది.

ఆమె సీసాలో నీళ్లు ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఒకటే బ్లీచింగ్ వాసనక్కా. మా ఖమ్మంల మున్నేటి నీళ్లు ఇసుకల వడగట్టి, గీ మందు కలిపి ఇడుస్తరు. పొద్దుగాల గంటసేపే వస్తయ్."

"ఇంటికే వస్తయా? మాకు వాగే దిక్కు" అన్నాను.

"అవ్, వాకిట్లనే నల్లా. ఏం లాభం? మీ వాగు నీళ్లయితే తియ్యగుంటయంట గదా!"

అంటూనే సీసాను కిటికీ బయటికి వంచేసింది. నీళ్లన్నీ రోడ్డు మీద పడిపోయాయి. నా బిడ్డ నోట్లో పోయాల్సిన నీళ్లవి. ఆమె నల్లా మీద, మెత్తటి ఆమె చేతుల మీద నాకు కడుపు మండిపోయింది.

కొత్తగూడెంలో దిగుతూ "పోయొస్త అక్కా, బిడ్డ పైలం" అంది.

ఆమె పేరైనా నాకు తెలియదు. అయినా నిండు బిందెతో వాగు గట్టు ఎక్కేటప్పుడు చాలా ఏళ్లు ఆమెనే తిట్టుకున్నాను.